పంటు మీద నాలుగు రోజులు

నాన్న మా పాంటూన్ బోటును మొదటిసారి చూసినప్పుడు దాని చుట్టూ ఒక రౌండు తిరిగి, వంగి ట్యూబుల మీద అరచేత్తో కొట్టి చూసి, "ఒరేయ్, ఇది పంటు కదరా" అన్నారు. సఖినేటిపల్లి దగ్గర వశిష్ఠ దాటి నరసాపురం వెళ్లడానికి సైకిళ్లూ మనుషులూ బస్తాలూ అన్నీ ఒకేసారి ఎక్కే పంటు ఆయనకు బాగా తెలుసు. నిజమే, పెద్ద తేడా లేదు. గాలి తప్ప ఏమీ లేని రెండు అల్యూమినియం గొట్టాలు, వాటి మీద బల్లపరుపుగా డెక్కు, చుట్టూ రెయిలింగు, వెనక ఒక మోటారు. 1952లో మిన్నెసోటాలోని రిచ్‌మండ్ అనే చిన్న ఊళ్లో ఆంబ్రోస్ వీరెస్ అనే రైతు ఇనప పీపాల్ని వరసగా ఒకదాని చివర ఒకటి వెల్డింగ్ చేసి, అలాంటి రెండు వరసల మీద చెక్క వేదిక బిగించాడు. ఈ బోట్లన్నీ అక్కణ్ణుంచి వచ్చినవే.

నేను దీన్ని కొన్నదే నాన్న కోసం. ఆయనకు 74 ఏళ్లు, మోకాళ్లు సరిగ్గా వంగవు. పోయినసారి అమెరికా వచ్చినప్పుడు ఒక స్నేహితుడి బాస్ బోటులో, అంటే చేపల వేటకు వాడే కురచ బోటులో, తీసుకెళ్తే, డాక్ మీద నుంచి లోపలికి దిగడానికే ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది, రోజంతా ఆ చిన్న కుర్చీలోంచి కదల్లేదు. పాంటూన్ అయితే గేటు తెరిచి వరండాలోకి నడిచినట్టు నడిచి లోపలికి వెళ్లొచ్చు. అందుకని పోయిన వసంతంలో సెకండ్ హ్యాండ్‌లో 22 అడుగుల రెండు ట్యూబుల బోటు, దాని ట్రైలర్‌తో సహా తీసుకున్నాను. కొనేముందు డెక్కు మీద అంగుళం అంగుళం నడిచి ప్లైవుడ్ ఎక్కడైనా మెత్తబడిందేమో చూశాను, కింద పడుకుని ట్యూబుల మీద సొట్టలు చూశాను, మోటారుకు కంప్రెషన్ పరీక్ష చేయించాను. ఒక్కటి మాత్రం చూడలేదు, అది ఈ కథ చివర్లో వస్తుంది.

ఈసారి టెక్సాస్, ఓక్లహోమా సరిహద్దులో ఉన్న టెక్సోమా సరస్సుకు నాలుగు రోజులు వెళ్లాం. నవంబర్ నెల మధ్య, శుక్రవారం నుంచి సోమవారం దాకా. నేను, నా భార్య, తొమ్మిదేళ్ల మా అమ్మాయి చిన్ని, మా బావమరిది, నాన్న.

శుక్రవారం

బయల్దేరే ముందు రాత్రే ట్రైలర్ పని మొదలైంది. బోటు ఉన్నవాళ్లు చేపల గురించి ఎంత మాట్లాడినా, నా లెక్కలో సగం యాత్ర ట్రైలరే. బిమిని, అంటే పైనున్న గుడ్డ పందిరి, మడిచి కవరు తొడిగి పట్టీలతో కట్టాలి. అది తెరిచి ఉంచి హైవే ఎక్కితే ఫ్రేముతో సహా ఊడిపోతుంది. సీట్ల కుషన్లు, లైఫ్ జాకెట్లు, చెత్త కవరు కూడా గాలికి ఎగిరే వస్తువులే, కాబట్టి అన్నీ సీట్ల కింద పెట్టెల్లోకి వెళ్లాలి. గేట్లు మూడూ గొళ్లెం పడ్డాయో లేదో ఊపి చూడాలి. వెనక రెండు స్ట్రాప్‌లు, ముందు వించ్ పట్టీ, దానికి తోడు ఇంకో గొలుసు. ట్రక్కు వెనకున్న బాల్ మీద ట్రైలర్ మూతి, అంటే కప్లర్, కూర్చున్నాక గొలుసులు రెండూ కింద క్రాస్‌గా వెయ్యాలి. కప్లర్ ఊడితే దాని మూతి నేలకు కొట్టుకోకుండా ఆ గొలుసుల ఊయలలో పడుతుంది. ట్రైలర్ ముందు కొసలో ట్రక్కుకు తగిలే నాలుక మీద పడే బరువు మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ఉండాలి. అంతకన్నా తక్కువైతే ట్రైలర్ పాము తోకలా ఊగుతుంది. బోటు వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు, పర్మిట్ లేకుండా రోడ్డు మీద లాగనిచ్చే గరిష్ఠ వెడల్పు కూడా అంతే, అందుకే చాలా పాంటూన్లు ఆ కొలత దగ్గరే ఆగిపోతాయి. లేన్ మధ్యలో పెట్టుకుని అద్దాల్లో చూస్తే రెండు పక్కలా మిగిలేది కాస్తే.

75వ నంబర్ హైవే మీద ఉత్తరంగా వెళ్తూ ఇరవై మైళ్లకే మొదటిసారి ఆపాను. ఈ అలవాటు నాకు ఒక ముసలి మెకానిక్ నేర్పాడు: మొదటి ఇరవై మైళ్లలో ఒకసారి ఆగు, చక్రాల మధ్యలో బేరింగులుండే నాలుగు హబ్‌లనూ చేత్తో తాకు. మూడు హబ్‌లు గోరువెచ్చగా ఉన్నాయి. వెనక యాక్సిల్ ఎడమ పక్కది చెయ్యి పెట్టనివ్వలేదు, చురుక్కుమంది. చక్రం లోపలి వైపు రిమ్ అంతా గ్రీజు చిమ్మి ఉంది.

ఇది ఎందుకు జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే పడవ ట్రైలర్‌కే ఉన్న జబ్బు ఇది. హైవే మీద తిరిగి తిరిగి హబ్ వేడెక్కి ఉంటుంది. బోటు దించే ర్యాంప్ మీద నేరుగా చల్లటి నీళ్లలో ముంచుతాం. లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుని, సీలు కొంచెం అరిగి ఉంటే చాలు, నీళ్లను లోపలికి పీలుస్తుంది. గ్రీజులో నీళ్లు కలుస్తాయి, బేరింగ్ తుప్పు పడుతుంది, తర్వాతి ప్రయాణంలో కాలుతుంది. మూత తీసి చూస్తే మా గ్రీజు పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది.

అదృష్టం ఏమిటంటే గ్రీజు నింపిన స్పేర్ హబ్ ఒకటి డబ్బాలో పెట్టుకునే తిరుగుతాను, పాడైన హబ్‌కు బ్రేకు లేదు, మా ట్రైలర్‌కు బ్రేకులు ముందు యాక్సిల్‌కే ఉన్నాయి. రోడ్డు అంచున షోల్డర్ మీద పని చెయ్యడం ప్రమాదమని మెల్లగా తర్వాతి ఎగ్జిట్‌లో దిగి, ఖాళీ పార్కింగ్ స్థలంలో ట్రైలర్‌ను జాకీ మీద లేపాం. చక్రం ఊడదీశాక కాటర్ పిన్ నిటారు చేసి లాగి, పెద్ద నట్టు విప్పితే పాత హబ్ చేతిలోకి వచ్చేసింది. బయటి బేరింగ్ రోలర్లు నీలం రంగుకు తిరిగి ఉన్నాయి. ఇంకో ఇరవై మైళ్లు పోయి ఉంటే చక్రం ఊడి పక్క లేన్‌లోకి వెళ్లేది. హబ్ కూర్చునే ఇరుసు చివర తుడిచి కొత్త హబ్ ఎక్కించి, నట్టును చక్రం తిప్పుతూ బిగించి, ఆగాక కొంచెం వెనక్కి వదిలి, కొత్త పిన్ వేశాం. మా బావమరిది టైరు పట్టుకుని పైనా కిందా ఊపి "ఆట లేదు బావా" అన్నాడు. యాభై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత ప్రతి అరగంటకీ ఆగి చెయ్యి పెట్టి చూశాం. నాన్న కూడా దిగి ప్రతిసారీ ఆ హబ్ తాకి చూసేవారు, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు.

సరస్సు టెక్సాస్ ఒడ్డున డెనిసన్ పక్కనే ఐసెన్‌హోవర్ స్టేట్ పార్క్ ఉంది. 1890లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పుట్టింది డెనిసన్‌లోనే. మేం చేరేసరికి నాలుగు దాటింది, ఇంకో గంటన్నరలో చీకటి పడుతుంది. ర్యాంప్ దగ్గర మా ఇంట్లో పని విభజన ఖాయం: ట్రక్కు వెనక్కి తోలేది నా భార్య, బోటు మీద ఉండేది నేను. ఆమె నాకన్నా నిటారుగా తోలుతుంది. లైన్లోకి రాకముందే పక్కన ఆగి స్ట్రాప్‌లు విప్పి, ట్యూబుల ప్లగ్గులు ఉన్నాయో చూసి, లైట్ల వైరు ఊడదీసి, తాళ్లు రెండు చివర్లా కట్టుకున్నాం. ర్యాంప్ మధ్యలో ఈ పనులు చేస్తూ వెనక పది మందిని నిలబెట్టడం నాకు నచ్చదు. పాంటూన్ తేలిగ్గా దిగుతుంది, ట్యూబులు ఎక్కువ లోతు అడగవు. పదిహేను నిమిషాల్లో మెరీనాలో అద్దెకు తీసుకున్న స్లిప్‌లో, అంటే బోటు నిలుపుకునే చోట, కట్టేశాం.

ఆ సాయంత్రం డెక్కు మీద కూర్చుని నాన్నకు సరస్సు సంగతి చెప్పాను. రెడ్ నది మీద 1939లో ఆనకట్ట మొదలుపెట్టి 1944లో పూర్తి చేశారు, వాషిటా అనే ఇంకో నది కూడా దీనిలోనే కలుస్తుంది. పాత ప్రెస్టన్ ఊరు ఈ నీళ్ల కిందే ఉంది. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత శ్రీశైలం కట్టినప్పుడు మునిగిన ఊళ్ల వాళ్లు కొందరు తన స్కూల్లో చేరిన సంగతి చెప్పారు. ఆయన టీచరుగా పని చేశారు.

శనివారం

అయిదున్నరకే లేచాం. ముందు ఎర కావాలి. ఇక్కడ మేం వచ్చింది స్ట్రైపర్ల కోసం. ఒంటి పొడవునా నల్లటి చారలుండే వెండి చేప. నిజానికి సముద్రపు చేప, గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎక్కేది. 1960ల్లో దాన్ని ఇందులో వదిలారు. దాని గుడ్లు దాదాపు రెండు రోజులు పారే నీళ్లలో తేలుతూ ఉండాలి, అడుగుకు చేరితే చచ్చిపోతాయి. చాలా సరస్సులకు అంత పొడుగు పారే నది ఉండదు కాబట్టి అక్కడ ప్రతి ఏడూ పిల్లల్ని తెచ్చి వదలాలి. ఇక్కడ రెడ్, వాషిటా రెండూ ఉన్నాయి, పైగా నీళ్లలో కొంచెం ఉప్పు ఉంటుంది, అందుకని వాటంతట అవే పెరుగుతున్నాయి. వాటికి ఇష్టమైన మేత షాడ్ అనే వేలెడు నుంచి జానెడు చేప. దాన్ని విసురు వలతో పట్టాలి.

నేను ఏడాది నుంచి ఆ వల నేర్చుకుంటున్నాను, సగంసార్లు అది అరటిపండు ఆకారంలోనే పడుతుంది. రాళ్ల కట్ట పక్కన మెల్లగా బోటు నడుపుతూ రెండుసార్లు విసిరితే నాలుగు షాడ్లు వచ్చాయి. నాన్న చూసి చూసి "ఇటివ్వు" అన్నారు. నాకు భయమేసింది, ఆ మోకాళ్లతో చీకట్లో అంచున నిలబడి వల విసరడమంటే. కానీ పాంటూన్ ముందు డెక్కు కదలదు, రెయిలింగు తొడకు ఆనుతుంది. ఆయన తాడు మణికట్టుకు వేసుకుని, వలను చుట్టలుగా ఎడమచేతికి తీసుకుని, ఒక పక్క గుళ్ల అంచు భుజం మీద వేసుకుని, ఒక గుండు పళ్లతో పట్టుకున్నారు. ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. నడుము పైభాగం మాత్రం కుడికి తిరిగి, ఎడమకు తిరిగింది. వల గాల్లో పూర్తి గుండ్రంగా విచ్చుకుని గుళ్లన్నీ ఒకేసారి నీళ్లను తాకాయి, జల్లు పడ్డట్టు ఒకటే చప్పుడు. "చేతులతో విసరకూడదురా, నడుముతో విసరాలి. వల తనే విచ్చుకుంటుంది" అన్నారు. చివరిసారి ఆయన వల పట్టింది ముప్ఫై ఏళ్ల కిందట, కాలవలో. మూడు విసుళ్లలో మాకు రోజుకు సరిపడా షాడ్ వచ్చింది. (టెక్సాస్‌లో వల వ్యాసం 14 అడుగులు మించకూడదు, మాది సరిగ్గా అంతే.)

షాడ్ చాలా సుకుమారం. నలుచదరం తొట్టిలో వేస్తే మూలల్లో ముక్కులు కొట్టుకుని గంటలో ఎర్రబడి తేలిపోతాయి. అందుకే గుండ్రటి తొట్టి, అందులో గాలి కొట్టే మోటారు, గుప్పెడు ఉప్పు. చిన్ని దానికి కాపలా. నురగ కడితే తీసేయడం, చచ్చినవాటిని ఏరడం ఆ పిల్ల పనే, రోజంతా వదల్లేదు. దానికి లైఫ్ జాకెట్ కూడా రోజంతానే. బోటు కదులుతున్నప్పుడు 13 ఏళ్ల లోపు పిల్లలు వేసుకునే తీరాలని ఇక్కడి చట్టం, నేను నాన్నకూ వేయించాను. నేను పడిపోతే మోటారు ఆగిపోయేలా కిల్ స్విచ్ తాడు నా నడుముకు. ముందు గేటు బయట కాళ్లు వేలాడేసి కూర్చోవడం మాత్రం ఎవరికీ కుదరదని ముందే చెప్పాను. పాంటూన్‌కు ముందు నుంచి పడితే రెండు ట్యూబుల మధ్యలోంచి నేరుగా ప్రొపెల్లర్ దగ్గరికే వెళ్తారు.

ద్వీపాలకు దక్షిణంగా 38 అడుగుల లోతులో నీళ్ల కింద చేపల్ని చూపించే ఫిష్ ఫైండర్ తెర మీద ఒకదాని మీద ఒకటి వంపులు కనిపించాయి. దక్షిణపు గాలి మోస్తరుగా ఉంది. పాంటూన్‌కు గాలి అసలు పరీక్ష. ట్యూబులు నీళ్లలో ఎక్కువ మునగవు, పైన రెయిలింగు, పందిరి అంతా తెరచాప లాగా పని చేస్తాయి, కాబట్టి పందిరి మడిచేసి, డ్రిఫ్ట్ సాక్ అనే గుడ్డ సంచిని గాలి వచ్చే వైపు నీళ్లలోకి వదిలాం. అది నీళ్లు నింపుకుని బోటును వెనక్కి పట్టి ఉంచుతుంది. నాలుగు గాలపు కర్రలు రెయిలింగుకే బిగించిన హోల్డర్లలో పెట్టి, షాడ్‌ను ముక్కు రంధ్రాల్లోంచి గుచ్చి, సీసం బరువుతో అడుగు దాకా వదిలి నాలుగు చుట్లు పైకి తిప్పాం.

పది నిమిషాలకే నాన్న ముందున్న కర్ర చివర నీళ్లలోకి వంగింది. ఆయన ఎగిరి కర్ర అందుకుని గట్టిగా వెనక్కి లాగారు. ఏమీ లేదు. మళ్లీ ఇంకోటి, మళ్లీ అదే. మూడోసారీ అదే అయ్యేసరికి మొహం చిన్నబోయింది. మన కాలవ గాలానికి బెండు మునగ్గానే లాగడం ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. ఇక్కడ వాడేది సర్కిల్ హుక్, ముల్లు లోపలికి తిరిగి ఉంటుంది, చేప నోట్లో వేసుకుని తిరిగి వెళ్తున్నప్పుడు దవడ మూలకు తనంతట తనే పడుతుంది. ముందే లాగితే నోట్లోంచి జారి వచ్చేస్తుంది. "నాన్నా, మీరు కర్ర ముట్టుకోకండి, అది పూర్తిగా వంగి అలాగే ఉండేదాకా చేతులు కట్టుకుని చూడండి" అన్నాను. ఆయన నిజంగానే చేతులు కట్టుకున్నారు. నాలుగోసారి కర్ర వంగి, ఇంకా వంగి, రీలు కీచుమని తిరగడం మొదలెట్టింది. అప్పుడు అందుకున్నారు. అయిదు నిమిషాలు పట్టింది దాన్ని పైకి తేవడానికి. చిన్ని వల పట్టింది. 23 అంగుళాలు, చారలు ఇంకా తడిగా మెరుస్తున్నాయి, వీపు మీద ముల్లు విప్పుకుని ఉంది. నాన్న దాని దవడ కింద బొటనవేలు పెట్టి పట్టుకుని చాలాసేపు చూశారు, ఫొటో తీస్తున్నా మా వైపు తిరగలేదు.

నియమం ఏమిటంటే మనిషికి రోజుకు 10, వాటిలో 20 అంగుళాలు, అంతకు మించినవి 2 మాత్రమే. లైవ్ వెల్‌లో, అంటే పట్టిన చేపల్ని బతికించి ఉంచే బోటులోని తొట్టిలో, ఒకసారి వేశాక అది లెక్కలోకి వచ్చేసినట్టే, తర్వాత ఇంకో మంచి చేప పడిందని దాన్ని వదిలి ఇది పెట్టుకోవడం కుదరదు. నాన్నకు మధ్యాహ్నం ఇంకో రెండు పెద్దవి పడ్డాయి. ఒకటి ఉంచుకున్నారు. మూడోది 26 అంగుళాలుంది, దాన్ని వదిలేయాల్సి వచ్చింది. ఆయన "మొదటిది వదిలి ఇది పెట్టుకుందాంరా" అన్నారు, నేను చెప్పాక సరేనని తనే నీళ్లలోకి వంగి వదిలారు. ఈ నియమం నాకు ఇష్టం. లోతు నుంచి వచ్చి గంటలు తొట్టిలో ఉన్న చేప వదిలినా బతకడం కష్టం.

ఒక విషయం మాత్రం ఆ రోజంతా నన్ను తొలిచింది. బోటు కొంచెం కుడికి ఒరిగి ఉంది. షాడ్ తొట్టి కుడి పక్క ఉంది, నాన్న కూడా ఆ వైపే కూర్చున్నారు, అందుకే అనుకున్నాను. సాయంత్రం స్లిప్‌లో కట్టాక, అందరూ దిగాక, తొట్టి ఖాళీ చేశాక కూడా ఒరిగే ఉంది.

ఆదివారం

పొద్దున అలలు లేవు. ఏడున్నరకు పడమటి వైపు దూరంగా తెల్ల పక్షులు గుంపుగా తిరుగుతూ కనిపించాయి. చలికాలంలో ఇక్కడికి సముద్రపు పక్షులు వస్తాయి, సీగల్స్. కింద స్ట్రైపర్లు షాడ్‌ను తరిమి పైకి తెస్తాయి, పైనుంచి ఇవి ఎగబడతాయి. పక్షులు నీళ్ల మీద కూర్చుని ఉంటే పని లేదు, మునిగి లేస్తుంటే మాత్రం కింద చేప ఉన్నట్టే. మరీ దగ్గరికి మోటారుతో పోకూడదు, చేప మునిగిపోతుంది, గాలి వచ్చే వైపు దూరంగా మోటారు ఆపి బోటును దానంతట అదే చేరనివ్వాలి. ఆ రోజు గాలి లేదు కాబట్టి ముందున్న చిన్న కరెంటు మోటారుతో మెల్లగా వెళ్లాం. దగ్గరికి చేరేసరికి నీళ్లు ఉడుకుతున్నట్టున్నాయి, ఎటు చూసినా వెండి వీపులు, పక్షుల అరుపులు. చిన్ని తెల్లటి ప్లాస్టిక్ ఎర ఒకటి విసిరింది, అది నీళ్లు తాకీ తాకకముందే చేప లాగేసింది. అరగంటలో అయిపోయింది అంతా. ఆ అరగంట మా పిల్ల జీవితంలో గుర్తుంటుందని నాకు గట్టి నమ్మకం.

ఉత్తరపు గాలి సాయంత్రం అయిదుకు వస్తుందని ఫోర్‌కాస్ట్ చెప్పింది. ఒంటిగంటన్నరకు ఓక్లహోమా వైపు ఆకాశం అడుగున ముదురు నీలం గీత ఒకటి కనిపించింది. ఇక్కడివాళ్లు నార్తర్ అంటారు. నేను వెంటనే కర్రలు పైకి తియ్యమన్నాను. మా బావమరిది "ఇంకొక్క పావుగంట బావా" అన్నాడు, కుదరదన్నాను. బయల్దేరిన పది నిమిషాలకే మీద పడింది. గాలి చల్లగా మారిపోయి అలలు తెల్లబడ్డాయి, మేం వెళ్లాల్సింది దక్షిణపు ఒడ్డుకు, అలలు వెనక నుంచి తోస్తున్నాయి. పాంటూన్‌తో ప్రమాదం అప్పుడే. వెనక అల ఎత్తి తోస్తే ముందు ట్యూబుల మూతి ఎదుటి అల వీపులోకి పొడుచుకుంటుంది, నీళ్లు గేటు పైనుంచి డెక్కు మీదకు వస్తాయి. అందర్నీ వెనక సీట్లకు పంపాను, మోటారు ట్రిమ్ పైకి చేసి మూతి లేపాను, వేగం అలల వేగానికి మించకుండా ఉంచాను. అయినా ఒకసారి కుడి ట్యూబు పూర్తిగా మునిగి నీళ్లు మోకాళ్ల దాకా కొట్టాయి. ఎడమది మునగలేదు. కుడిదే. చిన్ని తాతయ్య చెయ్యి పట్టుకుంది, ఆయన "ఏం కాదమ్మా, పంటు మునగదు" అంటూనే ఉన్నారు. ఆ నలభై నిమిషాలు నాకు ఉన్న టెన్షన్ అంతా ఇంతా కాదు.

ర్యాంప్ ఉన్న పాయలో అలలు తక్కువే కానీ గాలి అడ్డంగా ఉంది. నా భార్య ట్రైలర్‌ను ఎప్పటికన్నా తక్కువ లోతుకు దించింది, బంకుల, అంటే బోటు కూర్చునే పొడవాటి పలకల, ముందు భాగం అడుగున్నర బయటికి కనిపించేలా. లోతుగా దించితే బోటు బంకుల మీద తేలుతూ పక్కకు పోతుంది, తక్కువ లోతులో అయితే ఎక్కిన చోటే నిలుస్తుంది. మొదటిసారి నేను గాలిని తక్కువ అంచనా వేశాను, వెనక భాగం తిరిగిపోయి ట్యూబు ట్రైలర్ పక్కనున్న గైడ్ పోస్టుకు ఆనింది. మోటారు గట్టిగా తిప్పి సరిచేసే ప్రయత్నం చెయ్యకుండా వెనక్కి వచ్చేసి, రెండోసారి గాలి వచ్చే వైపుకు నాలుగు అడుగులు ఎక్కువ పక్కగా గురి పెట్టి వచ్చాను, మా బావమరిది డాక్ మీద నుంచి తాడుతో వెనక భాగం పట్టి ఉంచాడు. ఈసారి నేరుగా కూర్చుంది. వించ్ పట్టీ తగిలించి, పైకి లాగేసరికి అందరి చేతులూ చలికి బిగుసుకుపోయాయి.

పైన చదును మీద ఆగి నీళ్లు తీసేయాలి. ఇది మర్యాద కాదు, చట్టం. 2009లో టెక్సాస్ రాష్ట్రంలో జీబ్రా మసెల్ అనే గోరంత ఆల్చిప్పను మొదట కనిపెట్టింది ఈ సరస్సులోనే. దాని పిల్లలు కంటికి కనిపించవు, తొట్టిలో మిగిలిన కాసిని నీళ్లలో ఇంకో సరస్సుకు చేరతాయి, అక్కడ పైపుల్ని మూసేస్తాయి. అందుకే బయటికి తీసిన ప్రతి బోటూ లైవ్ వెల్, తొట్లు, మోటారు, నీళ్లు నిలిచే చోటల్లా ఖాళీ చేయాలి. షాడ్ తొట్టి బోర్లించాం, లైవ్ వెల్ ప్లగ్ తీశాం. మా బోటుకు ట్యూబుల వెనక చివర కూడా చిన్న ప్లగ్గులున్నాయి, అన్ని బోట్లకూ ఉండవు. ఎడమది తీస్తే ఒక్క చుక్క రాలేదు. కుడిది తీశాను. వేలు లావు ధార బయటికి దూకింది.

ఆగలేదు. మేం స్ట్రాప్‌లు బిగించాం, పందిరి కట్టాం, చేపల్ని ఐసులోకి మార్చాం, ఇంకా వస్తూనే ఉంది. నాలుగైదు పెద్ద బకెట్లు ఉంటాయి. ఒక మనిషి బరువు. రెండు రోజులుగా మాతో పాటు కుడి పక్క ఇంకొకరు కూర్చున్నట్టే. ట్యూబు లోపల అడ్డుగోడలతో గదులుగా ఉంటుంది కాబట్టి ఒక గది నిండినా మునగదు, నాన్న ఏం కాదన్నది నిజమే. కానీ ఆ అలల్లో ఆ బరువు ఉందని తెలిసి ఉంటే నేను అంత దూరం వెళ్లేవాణ్ణి కాదు. కొన్నప్పుడు ప్లగ్గు తీసి చూడాలని తట్టలేదు. ఆల్చిప్పల చట్టమే లేకపోతే ఇప్పుడూ తీసేవాణ్ణి కాదు.

సోమవారం

పొద్దున్నే చలి. మేం రాత్రుళ్లు ఉన్న షెల్టర్ ఖాళీ చేసి, టైర్ల గాలి చూసుకుని, గాలి తగ్గేదాకా ఆగి పదింటికి బయల్దేరాం. పక్క గాలిలో పాంటూన్‌ను లాగడం కష్టం, గంటకు 55 మైళ్లు దాటలేదు. ఆగినప్పుడల్లా హబ్‌లు చూశాం, కొత్తది అన్నింటికన్నా చల్లగా ఉంది.

ఇంటికి చేరాక నాకు విశ్రాంతి తీసుకోవాలనిపించింది, నాన్నకు అనిపించలేదు. "సైకిల్ ట్యూబు పంక్చర్ ఎలా చూస్తారు? నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తారు. ఇంత ట్యూబును ముంచలేం, నీళ్లే దాని మీద పోద్దాం" అన్నారు. ప్లగ్ రంధ్రానికి ఒక వాల్వు బిగించి చేతి పంపుతో రెండు పౌండ్ల గాలి ఎక్కించాను, అంతకు మించి ఎక్కించకూడదు, ఆ పల్చటి అల్యూమినియం వెల్డింగులు విచ్చుకుంటాయి. గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో కలిపి చిన్ని రంగు బ్రష్‌తో ట్యూబు అంతా రాసింది. నేను టార్చి పట్టుకుని అడుగున వెతికాను, సొట్టలున్న చోట, రాళ్లకు రాసుకున్న చోట. ఎక్కడా లేదు.

నాన్న ప్లాస్టిక్ స్టూలు వేసుకుని ట్యూబు పైభాగం దగ్గర కూర్చున్నారు, డెక్కును మోసే బ్రాకెట్ ట్యూబుకు అతికిన చోట. ఆ వెల్డింగు వెంట సబ్బు రాసి, కళ్లజోడు నుదుటి మీదకు తోసుకుని, మొహం దాదాపు ఆనించి చూస్తూ ఉండిపోయారు. ఆవగింజంత బుడగ ఒకటి లేచింది. పగిలింది. అదే చోట ఇంకోటి లేచింది. వేలితో తుడిచి మళ్లీ సబ్బు రాశారు, మళ్లీ అక్కడే. గోరు పొడుగు కూడా లేని వెంట్రుక లాంటి పగులు. నీటి గీతకు పైన ఉంది కాబట్టి బోటు మామూలుగా తేలుతున్నప్పుడు ఏమీ కాదు, బరువు పడి మునిగినప్పుడే నీళ్లు తాగుతోంది, తాగిన కొద్దీ ఇంకా మునుగుతోంది.

"చిన్నీ, సుద్దముక్క తీసుకురా అమ్మా" అన్నారు. పగులు చుట్టూ గుండ్రంగా గీశారు. తర్వాత స్టూలు ముందుకు జరుపుకుని పక్క బ్రాకెట్‌కు సబ్బు రాయడం మొదలుపెట్టారు.